స్పీడు పెంచిందెవరు?

"నా ప్రాసెసర్ ఎక్కడ పెట్టేరండీ?"

బంగారరాజు టీ గ్లాసు నోటి దగ్గరే ఆపి తలెత్తాడు. షాపు గుమ్మంలో ఓ అమ్మాయి, రెండు చేతులా కంప్యూటర్ కేబినెట్ ఎత్తుకుని నిలబడి ఉంది. వెనక ఆటో ఇంకా వెళ్ళలేదు. గొడవ తేలకపోతే ఇందులోనే పోలీస్ స్టేషన్‌కి పోదామని ఆపినట్టుంది.

"మీ కేబినెట్‌లోనే ఉందండి" అన్నాడు.

"ఇందులో ఉన్నది నాది కాదు. నాది పరిగెత్తేది. ఇది పాకుతోంది."

ఆమె పేరు సత్యశ్రీ. అమలాపురం చుట్టుపక్కల స్టూడియోలవాళ్ళు తీసిన పెళ్ళి వీడియోలు ఇంట్లో కూర్చుని ఎడిట్ చేస్తుంది. అప్పుడప్పుడు వాళ్ళతో షూటింగులకీ వెళ్తుంది. గడియారస్తంభం దగ్గర సందులో ఉన్న ఈ షాపులోనే కిందటేడు కంప్యూటర్ కట్టించుకుంది. మొన్నామధ్య అది మధ్యాహ్నంపూట ఉన్నట్టుండి ఆగిపోతోందని తెచ్చింది. బంగారరాజు దుమ్ము దులిపి, బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ కాసేపు తీసి పెట్టి, సెట్టింగులన్నీ మొదటికి తెచ్చి, నడిపి చూసి పంపించాడు.

"ఆగిపోవడం మానేసింది కదండీ?" అన్నాడు అమాయకంగా.

"మానేసింది. దాంతోపాటు నడవడం కూడా మానేసింది."

ఇంకేం మాట్లాడినా లాభం లేదని అతను స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. ఫ్యాను విప్పి, ప్రాసెసర్ మీది బూడిదరంగు పేస్టు గుడ్డతో తుడిచి, లైటు దగ్గరగా పెట్టాడు. "ఇదిగోండి నంబరు. చూసుకోండి."

సత్యశ్రీ ఫోన్‌లో ఉన్న ఒక పాత ఫొటో తెరిచి పక్కన పెట్టుకుని ఒక్కొక్క అక్షరమే పోల్చింది.

"ఈ ఫొటో ఎప్పటిదండీ?"

"కొన్నరోజుది. బిగించే ముందే తీసి పెట్టుకున్నాను."

"కొన్నరోజే అనుమానమాండీ నా మీద?"

"మీ మీద కాదు. షాపుల మీద."

నంబరు సరిపోయింది. ఆమె మొహం మాత్రం సరిపోలేదు. "నంబరు అదే. అయినా ఏదో చేసేరు. ఇదివరకు ఎడిట్ చేసిన ఒక పాట పూర్తి వీడియోగా ఎక్స్‌పోర్ట్‌కి పెట్టి టిఫిన్ తిని వచ్చేసరికి అయిపోయేది. ఇప్పుడు టిఫిన్ తిని, అమ్మతో పోట్లాడి, మళ్ళీ రాజీపడి వచ్చినా సగంలోనే ఉంటోంది."

బంగారరాజుకి నవ్వొచ్చింది. కానీ మరుక్షణం ఆ మాట బుర్రలో గుచ్చుకుంది. కొత్త పేస్టు రాసి, ఫ్యాను మళ్ళీ బిగించి టెస్టు పెట్టి చూశాడు. రావలసిన స్పీడే వచ్చింది. ఆమె చెప్పే స్పీడు ఈ ప్రాసెసర్‌కి మామూలుగా రాదు.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. దీన్ని మీరు ఓవర్‌క్లాక్ చేసేరా?"

"అంటే?"

"ప్రాసెసర్‌కి ఇంత స్పీడు అని కంపెనీవాళ్ళు కట్టి పంపిస్తారండి. మనం సెట్టింగుల్లోకి వెళ్ళి కాస్త కరెంటు ఎక్కువిచ్చి ఇంకొంచెం పరిగెత్తించొచ్చు. కానీ వేడెక్కుతుంది. ఖరీదైన బోర్డులు తట్టుకుంటాయి. మీది ఎంట్రీ లెవెల్ బోర్డు." ప్రాసెసర్ పక్కనున్న చిన్న చిన్న నల్ల ముక్కలు వేలితో చూపించాడు. "ప్రాసెసర్‌కి కరెంటు సర్దేవి ఇవేనండి. పెద్ద బోర్డుల్లో వీటి మీద వేడి లాగడానికి అల్యూమినియం దిమ్మ ఉంటుంది. మీదాంట్లో బట్టతల. స్పీడు పెంచితే ఇవి కాలిపోతూ ఉంటాయి, మరీ ఎక్కువైతే బోర్డు తనంతట తనే ఆపేస్తుంది. మధ్యాహ్నం ఉక్కలో ఆగిపోయిందన్నారు కదా?"

"అంటే చవక బోర్డు అంటగట్టేరన్నమాట."

"మామూలుది చాలు అన్నది మీరేనండి."

"మామూలుది అన్నాను. బట్టతలది అన్లేదు."

బంగారరాజు గొంతు తగ్గించాడు. "చేస్తే చేసేనని చెప్పెయ్యండి. వారంటీ పోతుందని భయపడకండి, నేను చూసుకుంటాను."

"అంటే నేనే చేసి, ఇక్కడికొచ్చి అబద్ధం ఆడుతున్నానా?"

"నేనలా అన్లేదండి."

"నోటితో అన్లేదు. మొహం నిండా అంటున్నారు."

అప్పుడే బల్ల మీద ఫోన్ మోగింది. చేతులకి పేస్టు ఉండడంతో మోచేత్తో స్పీకర్ నొక్కాడు. "ఒరే బంగారం, చందువా చేప తెచ్చేరు. బోజనానికి వస్తావా, పులుసు ఎత్తి ఉంచమంటావా?" అని వాళ్ళమ్మ గొంతు షాపంతా వినిపించింది.

సత్యశ్రీ పెదవులు బిగించి గోడ కేలండర్ వంక చూసింది.

"బంగారరాజండి. మా తాతగారి పేరు" అన్నాడు ఫోన్ కట్టేస్తూ, చెవులు ఎర్రబడి.

"నేనేమీ అడగలేదండి" అందామె. కేబినెట్ ఎత్తుకుని ఆటో ఎక్కాక మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది. అద్దంలో అది అతనికి కనిపించింది. ఆ రోజంతా బంగారరాజు రెండు అనుమానాలతో గడిపాడు. ఈ అమ్మాయి అబద్ధం ఎందుకు ఆడుతోంది? ఆ నవ్వు తన పేరు గురించేనా, ఇంకేదైనానా?

*

వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది.

"ఏవండీ బంగారరాజు గారూ, మీరు దూరం నుంచి నా కంప్యూటర్‌లో ఏదో చేస్తున్నారు కదూ?"

"నేనా?"

"నిన్న షూటింగుకెళ్ళి వచ్చి చూస్తే మళ్ళీ పరిగెడుతోంది. సరే, తప్పు తెలుసుకున్నారనుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం మళ్ళీ ఆగిపోయింది. ఇస్తే ఇచ్చినట్టుండాలి గానీ, ఈ తీసుకోవడమేంటండీ?"

"దాన్ని ముట్టుకోకండి. అలాగే తీసుకురండి" అన్నాడతను. ఈసారి బ్యాటరీ తియ్యకుండా, దేన్నీ కదపకుండా, తిన్నగా ప్రాసెసర్ స్పీడు మార్చే బయాస్ సెట్టింగులు తెరిచాడు. మానిటర్ ఆమె వైపు తిప్పాడు.

"చూడండి. స్పీడు పెంచి ఉంది. వోల్టేజి పెంచి ఉంది. ఇది దానంతట అది జరగదు. ఎవరో కూర్చుని చేసేరు."

సత్యశ్రీ ముందుకి వంగి ఆ అంకెలు చదివింది. ఆమె మొహంలో కోపం పోయి భయం వచ్చింది. "నేను చెయ్యలేదండి. ఒట్టు. నాకీ స్క్రీన్ ఎలా తెరుస్తారో కూడా తెలీదు."

బంగారరాజు ఆమె కళ్ళలోకి చూశాడు. ఇంత భయం నటించడం కష్టం. నటించగలిగితే వీడియోలు ఎడిట్ చెయ్యనక్కర్లేదు, వాటిలోనే ఉండొచ్చు.

"మరి మీ గదిలోకి ఎవరెవరొస్తారండి?"

"ఏంటండీ ఆ ప్రశ్న?"

"అబ్బే, కంప్యూటర్ గురించేనండి!"

"అమ్మ ఊడవడానికొస్తుంది. కంప్యూటర్ వైరు తగిల్తే షాక్ కొడుతుందని చీపురు కూడా అటు పోనివ్వదు. నాన్న పైకే రారు. అప్పుడప్పుడూ మా బావ నాని వస్తాడు."

"బావ అంటే..." బంగారరాజు స్క్రూడ్రైవర్‌ని గుడ్డతో అనవసరంగా తుడిచాడు. "సొంత బావేనాండీ?"

"మేనత్త కొడుకు."

"కంప్యూటర్లు తెలుసాండీ ఆయనకి?"

"హార్డ్‌వేర్ అంటే సుత్తి, మేకులు అనుకుంటాడు. వాళ్ళావిడే ఫోన్‌లో రీఛార్జి చేసిపెడుతుంది."

"ఓహో, వాళ్ళావిడా?" అన్నాడు బంగారరాజు. షాపులోకి ఎక్కణ్ణుంచో చల్లగాలి వచ్చినట్టనిపించింది. "అయితే ఆయన కాదులెండి."

సెట్టింగులు మళ్ళీ మామూలుకి తెచ్చాడు. "పాస్‌వర్డ్ పెట్టేద్దామండి. ఆ మనిషెవరైనా సరే ఈసారి లోపలికి రాలేడు. మీరే కొట్టండి, నేను చూడను." గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

వెనక కీలు టకటకమన్నాయి. ఆగాయి. "ఆ అల్మారా అద్దంలోంచి చూస్తున్నారా?"

బంగారరాజు కళ్ళు కూడా మూసుకున్నాడు. "ఇప్పుడు సరేనాండీ?"

కళ్ళు మూసుకుని గోడకి మొహం పెట్టి నిలబడ్డ ఆ మనిషిని ఆమె కాసేపు అలాగే చూసింది. "ఆ, సరే. తెరవండి" అంది. గొంతు ఇందాకటిలా లేదు.

*

రెండ్రోజుల తర్వాత షాపులోకి ఒక పెద్దాయన గొడుగు మడుస్తూ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో కళ్ళజోడు. అటూ ఇటూ చూసి స్టూలు దగ్గరకి జరుపుకున్నాడు.

"బాబూ, బయాస్‌కి పాస్‌వర్డ్ పెడితే తియ్యడం ఎలాగండి?"

బంగారరాజు చేస్తున్న పని ఆపాడు. "మర్చిపోయేరాండీ?"

"మర్చిపోలేదు. నాకెప్పుడూ తెలీదు."

"మరి సిస్టం మీదేనాండీ?"

"నాదే అనుకోండి."

"అనుకోడం ఏంటండీ? మీదో కాదో చెప్పాలి కదా." దొంగ సరుకు అనిపించింది బంగారరాజుకి. "ఓనర్ని తీసుకురండి, తీసిపెడతాను."

"ఓనరు వస్తే ఇంకేముంది, కొంప మునిగిపోద్ది." పెద్దాయన గొంతు తగ్గించాడు. "దొంగతనం కాదండి, మీరలా చూడకండి. నేను దాని స్పీడు పెంచేను. కాస్త స్పీడు, కాస్త వోల్టేజి. భేషుగ్గా పరిగెత్తింది. మధ్యలో ఎవడో షాపువాడు తగ్గించేసేడు. మళ్ళీ పెంచేను. ఇప్పుడు పాస్‌వర్డ్ కొట్టి కూర్చున్నాడు. వాడికేం పోయేకాలమో!"

"ఆయ్. ఆ షాపువాణ్ణి నేనేనండి."

పెద్దాయన స్టూలు మీంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి పెట్టుకుని, బంగారరాజుని మొదటిసారి సరిగ్గా చూశాడు.

"దుర్గారావంటారండి నన్ను. సత్యశ్రీ మా అమ్మాయి."

బంగారరాజు గబగబా లేచి కుర్చీ తుడిచి వేశాడు. టీ తెప్పించాడు. టీ సగం అయ్యాక దుర్గారావు మొదలుపెట్టాడు.

"తాటిపాకలో గ్యాస్ కంప్రెసర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యేను. మిషను చప్పుడు వింటే అది ఆయాసపడుతోందో లేదో చెప్పగలను. మా అమ్మాయి ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. తెర మీద ఒక గీత ఉంటుంది, అది చివరిదాకా పోవాలట. ఎంతకీ పోదు. మెట్ల మీంచి చూసి చూసి ఉండబట్టలేకపోయేను. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. అది షూటింగులకెళ్ళినప్పుడు పైకెళ్ళి పెంచేవాణ్ణి."

"మరి అమ్మాయిగారికి చెప్పొచ్చు కదండీ?"

"అది బ్యాంకు పరీక్షల కోచింగ్ మానేసి వచ్చిన రోజున, పెళ్ళిళ్ళ వీడియోలు కూడా ఒక ఉద్యోగమేనా అన్నాను. చుట్టాలందరి ముందూ. అప్పట్నుంచి అవసరమైతేనే నాతో మాట్లాడుతుంది. ఇప్పుడెళ్ళి, అమ్మా నీ కంప్యూటర్ స్పీడు పెంచేనంటే..."

"సంతోషిస్తారండి."

"ఎందుకు పెంచేవంటుంది. ఆ ఎందుకుకి జవాబు చెప్పాలి కదా, బాబూ."

బంగారరాజు టీ గ్లాసు పక్కన పెట్టాడు. ఆ బోర్డుకి అంత వోల్టేజి మంచిది కాదనీ, కరెంటు సర్దే ముక్కలు కాలిపోతే మొత్తం పోతుందనీ నెమ్మదిగా చెప్పాడు. దుర్గారావు మొహం పాలిపోయింది. "అయ్యయ్యో, దాని పని మొత్తం అందులోనే ఉందండీ" అన్నాడు. వెళ్ళేముందు గొడుగు విప్పుతూ, "మా అమ్మాయికి చెప్పనని మాటివ్వండి" అన్నాడు. బంగారరాజు ఇచ్చాడు. ఇచ్చిన వెంటనే, ఇవ్వకుండా ఉండాల్సిందనిపించింది.

*

సాయంత్రం సత్యశ్రీ ఫోన్ చేసింది. "ఆ మనిషి ఎవరో కనిపెట్టాలండి. గదిలో కెమెరా పెట్టమంటారా?"

"వద్దండీ వద్దు! ఇంక ఎవరూ చెయ్యర్లెండి."

"మీకెలా తెలుసు?"

"అంటే... పాస్‌వర్డ్ పెట్టేం కదండీ."

"మొన్న మీరే కదా, గదిలోకి ఎవరెవరొస్తారని ఆరా తీసేరు? రెండ్రోజుల్లో ఏం మారింది?" ఆమె ఇంకాస్త గట్టిగా అడిగింది. "దొంగ దొరికేడా మీకు?"

"దొంగ అనకండి పాపం."

"పాపమా!"

నాలిక కరుచుకున్నా ఇక ఆ మాట వెనక్కి రాదు.

"సరే. మీరు చెప్పరు. నేనూ అడగను" అందామె చివరికి. "కానీ నాకిప్పుడు స్పీడు కావాలి. ఉప్పలగుప్తంలో పద్మశ్రీ అని, ఈ శ్రావణంలో పెళ్ళయింది. వాళ్ళ నాన్న సత్తిబాబుగారు మస్కట్‌లో ఉంటారు. సెలవు దొరకలేదు. కూతురి పెళ్ళి ఆయన చూడలేదండి. శుక్రవారం సెలవు కదా అక్కడ, గదిలోవాళ్ళందరినీ పిలుచుకుని టీవీ పెట్టి చూస్తానన్నారు. మూడు గంటల సినిమా. ఈ పాకుడుతో శుక్రవారానికి అవ్వదు."

"మా షాపులో సిస్టం మీద చేద్దామాండీ?"

"పెళ్ళివాళ్ళ వీడియో నా గది దాటదని మాటిచ్చేను."

బంగారరాజు ఆలోచించాడు. "అయితే ఆ బట్టతల ముక్కల మీద చిన్న అల్యూమినియం రెక్కలు అంటించి, పక్కన చిన్న ఫ్యాను పెడదాం. అప్పుడు కొద్దిగా స్పీడు పెంచొచ్చు. అతిగా కాకుండా, బోర్డు తట్టుకునేంతే. రేపు సాయంత్రం మీరున్నప్పుడు ఇంటికొచ్చి చేస్తాను."

"నేనున్నప్పుడే" అందామె, నొక్కి.

*

కానీ మర్నాడు భోజనాలవేళకే దుర్గారావు ఫోన్ చేశాడు. పద్మశ్రీ వాళ్ళింట్లో ఏవో ఫొటోలు కలపాలన్నారని అమ్మాయి ఉప్పలగుప్తం వెళ్ళిందనీ, సాయంత్రం మీరొస్తారని వాళ్ళమ్మతో అంటుంటే విన్నాననీ, అది వచ్చేసరికి పని అయిపోయి ఉంటే బావుంటుందనీ బతిమాలాడు. బంగారరాజు సత్యశ్రీకి ఫోన్ చేశాడు. అటు వాన, ఫోన్ కలవలేదు. ఇంకోసారి చేశాడు. కలవలేదు. తల గోక్కుంటూ బండి తీశాడు.

సత్యశ్రీ తడిసిన చున్నీ పిండుకుంటూ మెట్లెక్కేసరికి గదిలోంచి రెండు గొంతులు వినిపించాయి. ఆగింది.

"ఇంకొక్క మెట్టు తగ్గించెయ్యండి" అంటున్నాడు దుర్గారావు. "గబగబా కానివ్వండి. అది వచ్చేలోపు అయిపోవాలి. దానికి తెలీకూడదు."

"ఆయ్, తగ్గిస్తున్నానండి" అంటున్నాడు బంగారరాజు.

ఆమె తలుపు తోసింది. కేబినెట్ తెరిచి ఉంది. బిళ్ళ బ్యాటరీ ఇంకా బంగారరాజు అరచేతిలోనే ఉంది. అది తీసెయ్యడంతో ఆమె పెట్టిన పాస్‌వర్డ్ తెర మీద అడగడమే లేదు.

"ఓహో" అంది సత్యశ్రీ. "ఇప్పుడు అర్థమైంది."

ఇద్దరూ ఒకేసారి లేచారు.

"నేను తప్ప ఎవరూ తెరవలేరన్నారు. గోడకేసి తిరిగి కళ్ళు కూడా మూసుకున్నారు. పాపం అనుకున్నాను!" అంది బంగారరాజుతో. తర్వాత తండ్రి వైపు తిరిగింది. "నా పని మీకిష్టం లేదని తెలుసు నాన్నా. కానీ ఇలా చేస్తారనుకోలేదు. షాపాయన్ని పిలిపించి, నా కంప్యూటర్ని నెమ్మది చేయించి, విసుగొచ్చి నేనే మానేస్తాననుకున్నారా?"

దుర్గారావు నోరు తెరిచాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవసాగాడు.

"మీరు చెప్పండి సార్" అన్నాడు బంగారరాజు. దుర్గారావు తల అడ్డంగా ఊపాడు.

"అయితే మాట తప్పుతున్నానండి, తిట్టండి." బంగారరాజు ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నెమ్మది చేసింది నేనండి, తెలీక. పరిగెత్తించింది ఈయన. రెండుసార్లూ ఈయనే. మీరు షూటింగుకెళ్ళినప్పుడు పైకొచ్చి, మీ గీత తొందరగా కదలాలని. ఫోన్‌లో చూసి నేర్చుకున్నారట. పాస్‌వర్డ్ తియ్యడం ఎలాగని మా షాపుకొచ్చి దొంగలా దొరికిపోయేరు. ఇప్పుడు నేను కొద్దిగా పెంచుతుంటే ఈయన తగ్గించమన్నది వోల్టేజి, బోర్డు కాలిపోతుందని. మీ పని పాడవుతుందని భయపడ్డారండి ఈయన."

మెట్ల మీంచి సత్యశ్రీ తల్లి సూర్యకుమారి గొంతు వచ్చింది. "అదేనా ఈ మధ్య ఈయన పైకెళ్ళడం! నేను అడిగితే దోమతెర సరిచేస్తున్నానన్నారు!"

సత్యశ్రీ తండ్రినే చూస్తోంది. "ఎందుకు నాన్నా?"

ఆ ఎందుకుకే ఇన్నాళ్ళూ భయపడ్డ దుర్గారావు, కళ్ళజోడు పెట్టుకున్నాడు. "మీ సుబ్బమ్మత్త కూతురి పెళ్ళి వీడియో నువ్వు చేసిందే కదా. అందులో అప్పగింతలప్పుడు మీ మావయ్య మొహం ఒక్కటే కాసేపు చూపించేవు. పాట కూడా ఆపేసేవు. అది చూసేక, నేనన్న మాట తప్పని తెలిసిందమ్మా. చెప్పడం చేతకాలేదు. ఇది చేతనైంది, చేసేను."

ఆమె కుర్చీలో కూర్చుంది. చున్నీతో మొహం తుడుచుకుంది, అది వాననీళ్ళో మరొకటో చెప్పడం కష్టం. తర్వాత తెరకేసి తిరిగింది.

"వోల్టేజి ఎంత పెట్టేరు నాన్నా మీరు?"

దుర్గారావు ఒక్క అడుగులో కుర్చీ పక్కకి వచ్చేశాడు. "కొంచెం ఎక్కువే పెట్టేనమ్మా. ఈ అబ్బాయి అంటాడు కదా..." అని మొదలుపెట్టాడు. ముగ్గురూ ఆ తెర ముందు తలలు కలిపారు. బంగారరాజు ఒక మెట్టు పెంచితే దుర్గారావు చెవి దగ్గరపెట్టి ఫ్యాను చప్పుడు వినేవాడు. వేడి ఎక్కువైతే సత్యశ్రీ "దించండి" అనేది. చివరికి ఒక స్పీడు దగ్గర అంకెలు కుదురుగా నిలబడ్డాయి. దుర్గారావు పెట్టినంత కాదు, మామూలంత తక్కువా కాదు.

"ఇదండి దీని ఓపిక" అన్నాడు బంగారరాజు.

సినిమా ఎక్స్‌పోర్ట్‌కి పెట్టారు. గీత కదిలింది. సూర్యకుమారి పెసరట్లు పైకే తెచ్చింది. అవి తింటూ నలుగురూ, ఎప్పుడూ ఎవరూ చూడనంత శ్రద్ధగా, ఆ గీతనే చూశారు.

*

శుక్రవారం సత్తిబాబు మస్కట్ నుంచి మాట్లాడాడు. సినిమా మొత్తం చూశామనీ, తాళి కట్టేటప్పుడు గదిలోవాళ్ళందరూ లేచి అక్షింతలకి బదులు బియ్యం జల్లేరనీ చెప్పాడు. ఇంకేదో చెప్పబోయి ఫోన్ పక్కవాడికిచ్చేశాడు.

శనివారం పద్మశ్రీ వాళ్ళకి పెన్‌డ్రైవ్ ఇవ్వాలి. "ఉప్పలగుప్తమేనాండీ, నేనూ అటే వెళ్తున్నాను" అన్నాడు బంగారరాజు. అతనికి ఆ రోజు అటు పనేమీ లేదని ఆమెకి అనుమానం వచ్చింది. అయినా బండెక్కింది.

తిరిగి వస్తుంటే వాన దంచేసింది. రొయ్యల చెరువుల గట్టు మీద మోటారు షెడ్డులోకి పరిగెత్తారు. ఎదురుగా చెరువులో రొయ్యలకి గాలి అందించే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. వానకీ వాటికీ తేడా తెలియడం లేదు.

"ఇంక మీ కంప్యూటర్ పాడవదండి" అన్నాడు బంగారరాజు, దిగులుగా.

"మంచిదే కదా?"

"మంచిదేనండి. కానీ ఇంక మీరు మా షాపుకి ఎందుకొస్తారు? అది బాగైనప్పట్నుంచి అదే బెంగ. వచ్చి తిట్టినా బావుండేదండి. మీరంటే నాకిష్టమండి."

సత్యశ్రీ అతన్ని పైనుంచి కిందకి ఒకసారి చూసింది. కళ్ళు చిన్నవయ్యాయి.

"ఇది మీ అంతట మీరు అంటున్నారా, మా నాన్న అనమన్నారా?"

"అయ్యో! ఆయనకేం తెలుసండీ?"

"మీ ఇద్దరూ నాకు చెప్పకుండా ఏం మాట్లాడుకుంటారో నాకేం తెలుసు?"

"కావాలంటే అడగండి."

ఆమె నిజంగానే ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది. బంగారరాజుకి చెరువులో దూకేద్దామనిపించింది.

"నాన్నా, ఈ బంగారరాజు గారు నేనంటే ఇష్టమంటున్నారు. మీరేమైనా చెప్పమన్నారా?"

"నేనా? నాకేం తెలీదమ్మా" అన్నాడు దుర్గారావు. తర్వాత జాగ్రత్తగా, "నువ్వేవన్నావు?"

"నేనింకా ఏమీ అన్లేదు."

"మరి నాకెందుకు ఫోన్ చేసేవు? ముందు ఆ అబ్బాయికి జవాబు చెప్పు."

సత్యశ్రీ తలెత్తి చూసింది. అతని జుట్టులోంచి నీళ్ళు కారి ముక్కు చివర ఆగుతున్నాయి. తుడుచుకోవడం కూడా మర్చిపోయి నిలబడ్డాడు. ఆ మొహంలో దాచింది ఏమైనా ఉందేమోనని ఆమె చివరిసారి వెతికింది. దొరకలేదు.

"నాకూ ఇష్టమే" అంది.

"ఎవరితో అంటున్నావమ్మా, నాతోనా?" అంది ఫోన్.

"ఇద్దరితోనూ."

దుర్గారావు గొంతు సవరించుకున్నాడు. వెనక సూర్యకుమారి ఏదో గట్టిగా అడుగుతోంది. "ఉండవే, చెప్తున్నాను కదా... అమ్మా, వాన తగ్గేదాకా అక్కడే ఉండండి. ఈలోపు వాళ్ళ నాన్నగారి నంబరు తీసుకో. ఆయనతో నేను మాట్లాడతాను."

ఆమె ఫోన్‌లో నంబరు కొట్టడానికి సిద్ధంగా వేలు పెట్టింది. "చెప్పండి."

బంగారరాజు మొదలుపెట్టాడు. సగంలో తప్పాడు. మళ్ళీ మొదటికొచ్చాడు. ఈసారి సొంత నంబరు చెప్పేశాడు. "క్షమించండి, నాకది నోటికొచ్చండి, నిజంగా వచ్చండి" అన్నాడు.

"నిదానంగా చెప్పండి" అంది సత్యశ్రీ. "నేనెక్కడికీ పోవడం లేదు."